ఆదెమ్మ కుట్టిన వంకర విస్తరి

ఆగండాగండి, ఇంకో కథకు పోయేముందు ఒక్క ఐదు నిమిషాలు ఇటు చెవి పెట్టండి. రెండువేల ఆరులో చికున్‌గున్యా వచ్చినప్పుడు భద్రాచలం అడవి పక్క ఊళ్లలో ఎవరో ఒకరు మంచం పట్టని ఇల్లు లేదు. అలాంటి ఒక ఊళ్లో ముసలి ఆదెమ్మకు జ్వరం నాలుగు రోజులకే పోయింది. నొప్పులు మాత్రం ఆమె చేతుల్లోనే ఉండిపోయాయి.

నాలుగు నెలలు కోడలు శ్యామలే ఆమెకు అన్నం తినిపించింది, తల దువ్వింది, చీర కట్టింది. అత్తను చెంబు కూడా ఎత్తనివ్వలేదు. అదే తప్పయింది. భద్రాచలం దవాఖానాలో ఫిజియోథెరపీ మేడం ఆదెమ్మ వేళ్లు పట్టుకుని చూసి, "ఇంత రెస్టు ఎవరిమ్మన్నారమ్మా? కీళ్లు బిగుసుకుపోయాయి," అంది. "జబ్బుకు ముందు ఈ చేతులు ఏం పని చేసేవి?"

"అడవిల తెచ్చిన అడ్డాకులతోటి విస్తర్లు కుట్టేది మేడం. పొద్దుగూకేలోపు వంద," అంది శ్యామల.

"అయితే అదే మందు. వేడినీళ్లలో చేతులు పెట్టించు, తర్వాత రోజుకు రెండు విస్తర్లు కుట్టించు. ఏడ్చినా నువ్వు చెయ్యి వెయ్యొద్దు. వాపొస్తే మాత్రం ఆపేసి తీసుకురా."

నెల తిరిగింది. ఆ ఆదివారం పొద్దున కూడా శ్యామల నీళ్లు కాచి, అత్త చేతులు పావుగంట అందులో ఉంచి, తుడిచి, ఆకులూ ఈనెపుల్లలూ ముందు పెట్టింది. ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది. పుల్ల జారింది. ఆదెమ్మ మళ్లీ తీసింది. మళ్లీ జారింది. కన్నీళ్లు కారి ఆకు మీద పడుతున్నాయి. మొదటి వారం శ్యామల కూడా ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు రావడం లేదు. గోడను చూసినట్టు చూస్తోంది, అంతే.

పక్కింటి అనంతమ్మ దడి మీద నుంచి తొంగి చూసింది. "ఏందే శ్యామలా, ముసలామెతోటి రోజూ విస్తర్లు కుట్టిస్తున్నవ్, హోటలు గిట్ల పెడ్తవా ఏంది?"

శ్యామల కట్టుకున్న చేతులు ఇంకా బిగించింది.

అప్పుడే ఆమె భర్త రాంబాబు వచ్చాడు. పాల్వంచ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని, డబల్ డ్యూటీలని నెల నుంచి ఇంటి మొహం చూడలేదు.

"ఏంది ఇది? అమ్మ ఏడుస్తాంటే కండ్లు కనిపిస్తలేవా?"

"కనిపిస్తున్నయ్."

"మరి సినిమా చూసినట్టు చూస్తవేంది?"

"మేడం చెప్పింది. నీకు ఫోన్ల చెప్పిన గద."

"ఎక్సర్‌సైజులన్నవ్! గిట్ల కూలి చేయిస్తనన్నవా? నీ అమ్మైతే ఇట్లనే చేస్తువా?"

ఆ మాట శ్యామలకు ఎక్కడా తగల్లేదు. తగలాల్సిన చోటు మొద్దుబారిపోయింది. "నీళ్లు కాగినయ్, తానం చెయ్యి," అంది.

రాంబాబు ఆకులు లాగి అవతల పడేశాడు. గిన్నెలో అన్నం కలుపుకొచ్చి తల్లి నోటి దగ్గర ముద్ద పెట్టాడు. ఆదెమ్మ మూతి తిప్పేసుకుంది.

"తినవే అమ్మా!"

"వద్దుర. నాలుగు నెల్లు తిన్న. నువ్వు ఎన్నొద్దులు తినిపిస్తవ్? రేపు పొద్దుగాల బస్సెక్కి పోతవ్." ఆమె నడుము దగ్గర చీర ముడి చూపించింది. "ఇగో, మొన్నటిదాంక ఇది నీ పెండ్లామే ఏసేది. పెరట్లకు పోవాలన్నా ఆమెనే పిలవాలె. సిగ్గుతోటి నీళ్లు తాగుడే బంద్ జేసిన, తెలుసా నీకు? ఈ పొద్దు నేనే ఏసుకున్న. ఏడ్చినా ఆపకని దానితోటి ఒట్టేయించుకున్నది కూడా నేనే. తిడితే నన్ను తిట్టు."

రాంబాబు ముద్దను తిరిగి గిన్నెలో పెట్టాడు. లేచి, విసిరేసిన ఆకులు ఒక్కొక్కటీ ఏరుకొచ్చి తల్లి ముందు పెట్టాడు. భార్య మొహం చూడలేక ఆమె పక్కనే కూర్చున్నాడు. తనూ చేతులు కట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి ఒక వంకర విస్తరి తయారైంది. రాంబాబు దాంట్లోనే పెట్టించుకున్నాడు. చారు సందులోంచి కారి అతని మోకాలు తడిసింది.

"కారుతాందే అమ్మా."

"కారనీ. రేపటిది కారదు."

శ్యామల తుడవడానికి గుడ్డ తెచ్చి, ఆగిపోయింది. తన చెంపలు తడిగా ఉన్నాయి. చారు అంత దూరం చిందదు కదా అనుకుంది.

ఇంతకీ మీరు చెప్పండి, మీ ఇంటి మనిషి నొప్పికి ఏడుస్తుంటే, మీరైతే చేతులు కట్టుకుని ఎదురుగా కూర్చోగలరా?