మేస్త్రిగారి ముక్కు

“ఈ ఏడు దేవదూతలు బాగానే తాగినట్టున్నారే?”

ఆడగొంతు. ఆన్సెల్మ్ రవార్ పీపా మీద నుంచి తల కూడా ఎత్తలేదు. పీపాల్లోంచి ఏటేటా ఆవిరైపోయే బ్రాందీ దేవదూతల వాటా అని కోన్యాక్ ప్రాంతంలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. శోనెజాక్ వారి నేలమాళిగలో అడుగు పెట్టిన ప్రతి టూరిస్టూ వేసే జోకే ఇది. ఇలాంటి ముక్కను ఏరి కోరి సీక్రెట్ కోడ్‌గా పెట్టిన మహానుభావుడెవరో పారిస్ ఆఫీసు గడప దాటి ఎరుగడు.

“వాళ్ళు మిగిల్చిందే మనది, మదామ్,” అన్నాడు ఆన్సెల్మ్. ఏడేళ్ళుగా అందరికీ చెప్తున్న జవాబే. దీని తర్వాత మూడో ముక్క రావాలి. ఇంతవరకూ ఎవరూ అనలేదు. టూరిస్టులు నవ్వేసి వెళ్ళిపోయేవారు. ప్రతిసారీ అతను కాసేపు ఊపిరి బిగబట్టి, మళ్ళీ పనిలో పడేవాడు.

“మా ఇంట్లో పిల్లికి కూడా వాటా ఉంది,” అంది ఆ గొంతు.

చేతిలో సుత్తి జారి కింద పడింది.

ఆమె పేరు లియోనీ మార్వో. పారిస్ గూఢచారి సర్వీసుకూ అతనికీ మధ్య కొత్త లింకు. బూడిదరంగు కోటు, ఆకుపచ్చ కళ్ళు, సినిమా పోస్టర్ మీద నుంచి దిగి వచ్చినట్టున్న నడక. కానీ ఆన్సెల్మ్‌ను పడగొట్టింది ఆ అందం కాదు. ఆమె సెంటు పూసుకోలేదు. మాళిగలో పనిచేసేవాడి దగ్గరికి ఎలా రావాలో తెలుసుకుని మరీ వచ్చిన మనిషి ఆమె ఒక్కతే.

ఈ వృత్తే అలాంటిది. ముక్కును కాపాడుకోవాలి. ఉల్లిపాయ కూడదు, పొగాకు కూడదు, నలుగురూ సిగరెట్లు కాల్చే కఫేలో కూర్చోకూడదు, పౌడరు రాసుకున్న అమ్మాయితో నాట్యం చేయకూడదు. ఏజెంటు ఉద్యోగమేమో మనసు విప్పకూడదంటుంది. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టు, ఒంటరితనం మీద ఒంటరితనం. రాయబారులూ జనరళ్ళూ విందుకు వచ్చే ఇల్లు కాబట్టి కన్నేసి ఉంచు, పిలుపు వస్తుంది అని సర్వీసులో పై అధికారి కర్నల్ బ్రిసోనే అతన్ని ఇక్కడ పాతిపెట్టాడు. పిలుపు రాలేదు. పని మాత్రం వచ్చింది. కోన్యాక్‌ను వాసన చూసి దాని వయసు చెప్పగలిగే స్థితికి చేరాడు.

లియోనీ నదిగట్టు మీద నడుస్తూ బ్రీఫింగ్ ఇచ్చింది.

“సముద్రం అవతల రెండు దేశాలు యుద్ధం అంచున ఉన్నాయి. రెండు వైపుల దూతలూ మీ దొరగారింట్లో రహస్యంగా రాజీ పడబోతున్నారు. గురువారం సంతకాలు. దానికి ముందు, పాత సరుకు దాచే మీ ‘స్వర్గం’ గదిలో 1858 నాటి సరుకు తాగుతారు.”

“అడ్డుపడేదెవరు?”

“బూడిద కొంగ. ఆయుధాలు అమ్ముకునే ముఠా. శాంతి వస్తే వాళ్ళ కొట్టు మూతపడుతుంది. దెబ్బ ఎటునుంచి వస్తుందో మనం కనిపెట్టాలి. ఇంటి సంగతులన్నీ నాకు చెప్పు.”

చెప్పాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఆ గట్టు మీదే చెప్పాడు. ‘స్వర్గం’ తాళంచెవి ఎక్కడ వేలాడుతుందో, 1858 సరుకును పీపాలోంచి గాజు బుడ్డిలోకి ఎప్పుడు మార్చారో, అది ఆఖరి బుడ్డి ఎలా అయిందో. అడిగినదానికి మించి చెప్పాడు. ఏడేళ్ళ మాటలు గొంతులో అడ్డం పడి ఉన్నాయి మరి. ఒక సాయంత్రం, చెప్పకూడనిది కూడా చెప్పేశాడు. ఫిర్మెన్ మేస్త్రి ముక్కు పోయిందని.

ఫిర్మెన్ తెస్సెరో ఆ ఇంటి మాళిగకు పెద్ద మేస్త్రి. ఆయన తండ్రీ మేస్త్రే, తాతా మేస్త్రే. 1858 సరుకు ఆ తాత చేతుల్తో కాచిందే. కిందటి చలికాలం వచ్చిన జ్వరంలో ఆయనకు వాసన తెలియడం మానేసింది. ఆ సంగతి ఆన్సెల్మ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. రుచి చూసేటప్పుడు ఆన్సెల్మ్ వెనకే నిలబడతాడు. ఒకసారి దగ్గితే సరుకు బాగుంది, రెండుసార్లు దగ్గితే బాగాలేదు.

“ఒరేయ్ పారిస్ నత్తా,” అనేవాడు మేస్త్రి, ఆ ప్రాంతం వాళ్ళను నత్తలంటారు కాబట్టి అదే ముద్దు పేరుగా, “నా ముక్కు నీ మొహాన ఉందిరా. జలుబు తెచ్చుకున్నావంటే చంపేస్తా.”

“మరి మీ మీసాలు కూడా ఇచ్చేయండి మేస్త్రిగారూ.”

“మీసాలా? నేను పోయాక మాళిగ తీసుకుందువుగాని. మీసాలు నాతోనే వస్తాయి.”

పిల్లాజెల్లా లేని మనిషి ఆయన. ఆ మాళిగ పెత్తనం ఆన్సెల్మ్‌కే ఇస్తాడని ఊరందరికీ తెలుసు. అతనికి ఆ మాట వింటే సంతోషమూ సిగ్గూ రెండూ కలిగేవి.

గురువారం ఉదయం లియోనీ ఆర్డరు తెచ్చింది.

“కొంగ మనిషి ఒకడు అంగులేమ్ స్టేషన్లో దిగుతున్నాడు. నువ్వు వెళ్ళి వాణ్ణి వెంబడించు. ఇక్కడ నేను చూసుకుంటాను.”

ఆన్సెల్మ్ వ్యాను ఎక్కి తాళం తిప్పాడు. మాళిగ గుమ్మంలో ఫిర్మెన్ నిలబడి ఉన్నాడు. పెళ్ళిళ్ళకూ చావులకూ వేసుకునే నల్ల సూటు వేసుకుని, టై ముడి రాక పెనుగులాడుతున్నాడు.

“ఎక్కడికిరా?”

“చిన్న పని, అంగులేమ్ దాకా...”

 మేస్త్రి టై వదిలేసి చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.  దొరగారి ముందు, దేశాల దూతల ముందు, ముక్కు లేని మేస్త్రి ఒంటరిగా నిలబడాలి. నోరు తెరిచి అడగడు, చచ్చినా అడగడు.

ఆన్సెల్మ్ వ్యాను ఆపి, దిగి, ఆయన టై కట్టాడు. సర్వీసులో చేరాక ఆర్డరు మీరడం అదే మొదటిసారి.

‘స్వర్గం’ గదిలో దూతలిద్దరూ ఎడంగా నిలబడి ఉన్నారు. ఒకరినొకరు నమ్మని మనుషులని చూడగానే తెలుస్తోంది. ఇంటి ఆచారం ప్రకారం మేస్త్రి ముందు తాగాలి. బల్ల అంచున బుట్ట అల్లిన గాజు బుడ్డి. మేస్త్రి మూత తీసి గొట్టంతో సరుకు లాగి తన గ్లాసులో వంచాడు.

వాసన వెనకున్న ఆన్సెల్మ్‌ను తాకింది. ఎండిన నారింజ తొక్క, పాత తోలు, పొడి గులాబీ రేకులు. వాటి అడుగున, ఉండకూడని పచ్చి బేరిపండు వాసన.

పీపాలో ఉన్నంతకాలమే కోన్యాక్‌కు వయసు పెరుగుతుంది. గాజులోకి వెళ్ళాక ఒక్కరోజు కూడా పెరగదు, తరగదు. కిందటేడు మూత మార్చినప్పుడు ఈ బుడ్డిలో బేరిపండు లేదు. అంటే లేత సరుకులో ఏదో కరిగించి ఇందులో పోశారు. రంగు సరిపోయింది. మేస్త్రికి వాసన తెలియదు. తెలిసినవాడు ఇప్పుడు అంగులేమ్‌లో ఉండాలి.

ఈ సంగతులన్నీ తెలిసింది ఒక్కరికే. చెప్పింది తనే.

రెండుసార్లు దగ్గాడు.

మేస్త్రి ఆగాడు. తల తిప్పి చూశాడు. తాత కాచిన సరుకు బాగాలేకపోవడమేమిటి? కళ్ళతోనే నవ్వాడు, జలుబు తెచ్చుకున్నావు కదరా అన్నట్టు. గ్లాసు పెదవుల దాకా ఎత్తాడు.

విషమని అరిస్తే దూతలిద్దరూ ఒకరినొకరు అనుమానిస్తారు. కొంగకు కావలసింది కూడా అదే. అరవడానికి వీల్లేదు.

ఆన్సెల్మ్ తూలాడు. తాగినవాడిలా కాలు మడతపడి, మేస్త్రి మోచేతిని గుద్ది, బల్ల మీద పడి, బుడ్డిని తోసుకుంటూ నేల మీద కూలాడు. గ్లాసు ఎగిరిపోయింది. బుడ్డి రాతిపలకల మీద బద్దలైంది.

గదంతా వాసన నిండిపోయింది. నూరేళ్ళు దాటిన వాసన. దొరగారు కళ్ళు మూసుకున్నారు. దూతలు ఇద్దరూ గాఢంగా ఊపిరి పీల్చారు. దాన్ని ఎరగనివాడు ఆ గదిలో ఫిర్మెన్ ఒక్కడే. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, తడి నేల మీద చేతులు పెట్టబోయాడు.

“ముట్టుకోకండి మేస్త్రిగారూ. గాజు ముక్కలు,” అని ఆన్సెల్మ్ ఆయన మణికట్లు పట్టుకున్నాడు.

మేస్త్రి విడిపించుకుని చెంప పగలగొట్టాడు.

“తాగొచ్చావురా? ఇవాళ? మా తాత చేతి సరుకురా అది. నిన్ను కొడుకనుకున్నాను కదరా, వెధవా.” గుమ్మం వైపు వేలు చూపించాడు. “పో. నా మాళిగలో ఇక నీ నీడ పడకూడదు.”

 ఆన్సెల్మ్ తన ఆప్రాన్ నేల మీద అద్ది తడిపి, చుట్టి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. వెనక దూతల్లో ఒకడు పొరపాటున నవ్వాడు. రెండోవాడూ ఆపుకోలేకపోయాడు. వాళ్ళు కలిసి నవ్వడం అదే మొదలట. మధ్యాహ్నం లోపు సంతకాలు అయిపోయాయి.

పెరట్లో కారు స్టార్టు చేసి ఉంది. స్టీరింగు దగ్గర లియోనీ. ఆన్సెల్మ్ నడుముకు వేలాడే సుత్తి తీసి పిడి తిప్పాడు. బోలు పిడిలోంచి చిన్న పిస్టల్ చేతిలోకి జారింది.

“ఇంజన్ ఆపు.”

ఆమె ఆపింది. “నువ్వు అంగులేమ్‌లో ఉండాలి కదా.”

“మేస్త్రికి వాసన తెలియదు. నేను లేకపోతే ఆయన పరువు పోతుంది.”

“ఒక ముసలాడి పరువు కోసం ఆర్డరు మీరావా?”

“అవును.”

“అది మా లెక్కలో లేదు,” అంది లియోనీ నిజాయితీగానే. గేటు దగ్గర కాపలా ఉన్న సర్వీసు మనుషులు వచ్చి ఆమెను తీసుకుపోతుంటే అతనికి గెలిచినట్టు అనిపించలేదు. రేపు సాయంత్రం గట్టు మీద మాట్లాడటానికి ఎవరూ లేరు కదా అనిపించింది, అంతే.

వారం తర్వాత పారిస్‌లో కర్నల్ బ్రిసోనే ఫైలు మూశాడు.

“ఆప్రాన్ పరీక్ష చేశారు. తాగినవాళ్ళ గుండె మూడో రోజు ఆగిపోయేది. మాళిగను ఎవరూ అనుమానించేవారు కాదు, ఆ రెండు దేశాలూ ఒకదాన్నొకటి అనుమానించేవి. శభాష్.” కొత్త పేరుతో పాస్‌పోర్టు బల్ల మీద పెట్టాడు. “మేస్త్రికి మాత్రం చెప్పడానికి వీల్లేదు. ఎప్పటికీ.”

“తెలుసు. ఎలా ఉన్నాడు?”

“నిక్షేపంగా. పొద్దున్నే కఫేలో కూర్చుని నిన్ను పేరు పెట్టి తిడుతున్నాడట. రోజుకో కొత్త తిట్టు.”

“తిట్టనివ్వండి సార్. ఆ తిట్లు ఆగిపోయిన రోజు మాత్రం నాకో టెలిగ్రాం ఇప్పించండి.”

“ఏ పేరుకు ఇవ్వమంటావ్?”

అతను పాస్‌పోర్టు తెరిచి చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

“ఆయన తిట్టే పేరుకే.”