నట్టు మీద గులాబీ గీత

"ఉప్పు వేయడం పూర్తయింది," అని చెవిలో చెప్పింది క్రమనేత్రం.

మృణాళిని పెసరపిండిలో ఇంకో చిటికెడు ఉప్పు వేసింది.

"క్రమంలో లేని పని," అని అది హెచ్చరించింది.

"కావాలనే వేశాను," అని ఆమె దానికి నాలుక చూపించింది. తన నుదుటి మీదే బొట్టంత అతుక్కుని ఉన్న కన్నుకు తన నాలుక కనబడదని ఆమెకు తెలుసు. అయినా సరదాగా అనిపించింది. పెళ్లయి ఇంకా ఆర్నెల్లు నిండలేదు. కొత్త అట్లకాడ పెనం మీద చేసే చప్పుడు కూడా ఆమెకు ఈమధ్య సరదాగానే ఉంటోంది.

కందుకూరులో ఆ ఉదయం ఏ ఇంట్లోనూ కాఫీలో పంచదార మరిచిపోలేదు. ఏ పిల్లా నీళ్లసీసా వదిలేసి బడికి పోలేదు. క్రమనేత్రం వచ్చి ఒక తరం గడిచింది. పెట్టుకున్నవాళ్ల చేతులు చేసే పనిని అది చూస్తుంది, తర్వాతి పని ఏమిటో చెవిలో చెబుతుంది, పూర్తయినదాన్ని నమోదు చేసుకుంటుంది. అది వచ్చాకే మామూలు మనుషులు ఇంట్లో విమానం కట్టుకోగలుగుతున్నారు. అన్ని వేల నట్లలో ఒక్కటి మరిచిపోయినా ప్రాణం మీదికి వస్తుంది. నేత్రం మాత్రం మరిచిపోదు.

ఆమె భర్త యశోధర్ పెళ్లికి ముందే మొదలుపెట్టిన రెండు సీట్ల విమానం ఇంటి వెనకున్న పాత పొగాకు షెడ్డులో సిద్ధంగా ఉంది. రెక్కల రేకుకు ఇప్పటికీ కాస్త పొగాకు వాసన. ఈ రోజు తనిఖీ. ఈ నెలాఖరు నుంచి ఇంటివిమానాలకు కొత్త గగనానుమతులు ఆపేస్తున్నారు. ఇవాళ అనుమతి రాకపోతే ఆ విమానం షెడ్డు గుమ్మం దాటదు.

దాన్ని కట్టడంలో నేత్రం చెప్పకుండా జరిగిన పని ఒకటుంది. యశోధర్ నట్టు బిగించగానే మృణాళిని తన పెళ్లిపెట్టెలోని గులాబీ గోళ్లరంగుతో నట్టు మీంచి పక్కనున్న రేకు మీదికి ఒక గీత గీసేది. తన చెయ్యి కూడా పడిందని తెలియాలని ఆటగా మొదలుపెట్టింది. తర్వాత ఒక సంగతి గమనించింది. నట్టు కాస్త కదిలినా ఆ గీత తెగి రెండు ముక్కలవుతుంది. అప్పట్నుంచి నట్టు గానీ మరమేకు గానీ ఒక్కటీ వదల్లేదు. గీసిన ప్రతిసారీ నేత్రం "అనవసరమైన గుర్తు" అని సణిగేది.

తనిఖీ అధికారి పరంజ్యోతి వచ్చేసరికి ఎండ ముదిరింది. నెరిసిన మీసం, నెమ్మదైన మాట. మృణాళిని కాఫీకి పాలు సన్నని మంట మీద పెట్టి షెడ్డులోకి వచ్చింది. ఆయన దంపతులిద్దరి నేత్రాల్లోని నమోదును తన నేత్రంలోకి తీసుకుని తల ఊపాడు.

"అన్నీ పూర్తే. ముద్ర వేసేస్తే సాయంత్రానికి మీరు గాల్లో ఉంటారు."

మృణాళిని పొంగిపోతూ రెక్క అడుగున అరచెయ్యి ఆనించి నడిచింది. ఎడమ రెక్క కింద ఆమె చెయ్యి ఆగిపోయింది. లోపల చూడ్డానికి పెట్టిన తనిఖీ మూత మరమేకుల మీద గీతలు కలవడం లేదు.

"యశో, ఈ మూత ఎవరు విప్పారు?"

"ఎవరూ విప్పలేదే."

అబద్ధమాడితే అతని చెవుల కొసలు ఎర్రబడతాయి. పెళ్లయిన వారంలోనే ఆమె ఈ రహస్యం కనిపెట్టి మురిసిపోయింది.

"నీ చెవులు ఒకసారి అద్దంలో చూసుకో."

"నమోదులో విప్పినట్టు లేదమ్మా," అన్నాడు పరంజ్యోతి. "రంగు ఎండి పగిలి ఉంటుంది."

"పగల్లేదు సార్. మరమేకు తిరిగింది."

"ఇప్పుడు మూత తెరిస్తే ఈ నమోదంతా చెల్లదు. మళ్లీ మొదటి నుంచి చేయడానికి మీకు గడువు లేదు. ఆలోచించుకోండి."

యశోధర్ ఆమె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇప్పుడొద్దు మృణా. సాయంత్రం రామాయపట్నం సముద్రం మీద ఎగిరొచ్చాక నేనే విప్పి చూపిస్తా. ప్రమాదమేం లేదు, ఒట్టు."

"ఏం చూపిస్తావ్?"

"చెప్పేస్తే ఇంకేముంది?"

ఆమె స్క్రూడ్రైవర్ అందుకుంది. "ఆగండి, పూర్తయిన పని," అంది నేత్రం. మృణాళిని దాన్ని నుదుటి మీంచి పీకి బల్ల మీద బోర్లా పెట్టింది. "నువ్వు కాసేపు పడుకో."

మూత ఊడింది. టార్చి వెలుగులో రెక్క లోపలి పలక మీద, ఆమె గోళ్లరంగుతోనే, వంకర అక్షరాలు: 'ఇది మృణాళిని రెక్క'.

ఆమెకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే టార్చి కిందికి వంచింది. విమానాన్ని పక్కలకు వాల్చే కడ్డీ అక్కడే ఉంది. దాని నట్టు బోల్టు అంచున వేలాడుతోంది. నట్టు ఊడకుండా గుచ్చాల్సిన పిన్ను లేదు. వేలితో తాకింది. నట్టు ఆమె అరచేతిలో రాలిపడింది.

ఆమె అరచెయ్యి చాచి దాన్ని యశోధర్‌కు చూపించింది.

"అక్షరాలకు కడ్డీ అడ్డమొచ్చింది," అన్నాడు యశోధర్. అతని మొహం పాలిపోయింది. "పొద్దున నేత్రం తీసిపెట్టి, దాన్ని విప్పి పక్కకు జరిపాను. రాశాక మళ్లీ తగిలించి, నట్టు చేత్తో తిప్పుతుంటే నువ్వు పిలిచావు. పెసరట్టు చల్లారిపోతోందని."

"తిని వచ్చాక?"

"మూత బిగించేశాను. చెవిలో ఎవరూ ఏమీ చెప్పలేదుగా. అయిపోయిందనుకున్నా."

పరంజ్యోతి బయటికోసారి చూసి గొంతు సవరించుకున్నాడు. "కొత్త దంపతులు. నేను ముద్ర ఇంకా వేయలేదు. ఈ మూత విప్పడం మీ నేత్రం చూడలేదు, నేనూ చూడలేదనుకోండి. పిన్ను గుచ్చేయండి. ఆ రాత మాత్రం చెరిపేయాలి. పైవాళ్లు ఎప్పుడైనా తెరిస్తే ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని అడుగుతారు."

"చెరిపేద్దాం మృణా," అన్నాడు యశోధర్. "అక్షరాలేగా. మళ్లీ రాస్తా."

"చెరపను." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "చెరిపితే ఇక్కడ ఏమీ జరగనట్టే. నేత్రం ఉందిగా అని రేపు ఇంకెవరో ఇలాంటి నట్టును నమ్ముకుని ఎగురుతారు. జరిగింది జరిగినట్టు రాయండి సార్."

"రాస్తే మీకు అనుమతి రాదమ్మా. ఇక ఎప్పటికీ."

"రాకపోనీయండి. దాచిపెట్టిన తప్పు మీద కూర్చుని నేను ఎగరను."

పరంజ్యోతి చిరాగ్గా యశోధర్ వైపు తిరిగాడు. "అసలు నేత్రం ఎందుకు తీశావయ్యా? పెట్టుకునే రాసుకోవచ్చుగా?"

"పెళ్లాం పేరు రాస్తుంటే చెవిలో ఎవరో 'అనవసరమైన గుర్తు' అంటుంటే ఎలా ఉంటుంది సార్? ఇష్టంగా చేసే పని. దాన్ని పెట్టుకుని చేయబుద్ధి కాలేదు."

పరంజ్యోతి నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఆయన చెయ్యి నుదుటి మీదికి వెళ్లింది. తర్వాత తొందరగా ఫోన్ తీశాడు.

"పాప ఎక్కడుంది? ఉయ్యాల దగ్గరికి పోనీయకు. చెప్పింది విను, నేనొచ్చేదాకా ఎవరూ ఎక్కొద్దు." ఫోన్ పెట్టేసి బల్లకు ఆనుకున్నాడు. "నిన్న మా మనవరాలికి ఉయ్యాల కట్టాను. నా చేతుల్తో, నేత్రం తీసేసి. కొక్కెం బిగించానో లేదో గుర్తు రావడం లేదమ్మా. ఈ నేత్రం వచ్చాక ఏదీ నేను గుర్తుపెట్టుకోలేదు."

కాసేపటికి ఆయన తన నేత్రానికి చెప్పడం మొదలుపెట్టాడు. "ఎడమ రెక్కలో నట్టుకు పిన్ను లేదు. నేత్రం దీన్ని చూడలేదు. కనిపెట్టింది ఒక గృహిణి..."

"మృణాళిని అనండి."

"కనిపెట్టింది మృణాళిని, గోళ్లరంగు గీత తెగడం చూసి. అనుమతి నిరాకరించడమైనది."

గుమ్మం దాటుతున్న ఆయన చేతిలో ఆమె గులాబీ రంగు సీసా పెట్టింది. "ఉంచుకోండి సార్. నా పెట్టెలో ఇంకోటుంది. కొక్కెం బిగించాక ఒక్క గీత గీయండి." ఆయన సీసాను గుప్పిట్లో పట్టుకుని కారు వైపు పరుగులాంటి నడకతో వెళ్లిపోయాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాడు యశోధర్.

"అన్ని మూతలూ విప్పుదాం. నువ్వు బిగించింది నేను చూస్తా, నేను బిగించింది నువ్వు చూడు."

"అనుమతే లేదు కదే పిచ్చిదానా."

"ఇవాళ లేదు. ఆయన రాసింది ఎవరో ఒకరు చదువుతారు. మరి ఆ విమానం ఏమైందని అడుగుతారు. అప్పటికి ఇది ఎగరడానికి సిద్ధంగా ఉండాలి, నా పేరుతో సహా."

యశోధర్ నట్టు అందుకున్నాడు. తన నేత్రం కూడా తీసి, బల్ల మీద ఆమె నేత్రం పక్కన బోర్లా పెట్టాడు. నట్టు ఎక్కించి, రెంచితో బిగించి, పిన్ను కోసం చెయ్యి చాచాడు. అంతలో ఇంట్లోంచి చుర్రుమని చప్పుడు, మాడు వాసన. ఇద్దరి చెవుల్లోనూ ఎవరూ ఏమీ చెప్పలేదు.

"పాలు!" అని అతను రెంచి వదిలేసి లేచాడు.

మృణాళిని అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"పొంగనీ. ముందు పిన్ను గుచ్చు."