బందరు కోట గుండు

చరిత్ర మాస్టారు యాకోబు చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి ప్రైవేటు డిటెక్టివు ప్రసాదరావు ఆఫీసులో కూలబడ్డాడు. అది 1934. ఏలూరులో ఒక డిటెక్టివు ఉన్నాడని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కొల్లేటిలో కొట్టుకుపోయిన దోనెల కోసం వచ్చేవాళ్ళు.

"బందరు కోట ఫిరంగిగుండు పోయిందండీ. ఫ్రెంచివాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళు ఆ కోట లాక్కున్నప్పటిది, 1759లో. అంతకుముందు ఆ కోటని..."

"కోట ఎక్కడికీ పోదు. గుండు సంగతి చెప్పండి," అన్నాడు ప్రసాదరావు.

"రేపు స్కూలుకి ఇన్‌స్పెక్టరుగారొస్తున్నారండీ. నా పూచీ మీద బందరు నుంచి తెప్పించాను. అది లేకపోతే నా ఉద్యోగం ఊడుతుందండీ."

అసిస్టెంటు సత్తిబాబు నోటుపుస్తకం తెరిచాడు. గురువుగారు తుమ్మినా రాసుకునే మనిషి.

యాకోబు అద్దెగదిలో గుండు పెట్టిన ముక్కాలిపీట ఖాళీగా ఉంది. పక్కన నేల మీద రెండు పసుపుచుక్కలు. పక్క వాటా ఇంటావిడ వెంకటనరసమ్మది. ఆ సాయంత్రమే ఆవిడ మనవడి బారసాల. వసారాలో కూతురు సావిత్రి బిడ్డకి పాలిస్తోంది. లోపల వెంకటనరసమ్మ జోల పాడుతూ ఉయ్యాల ఊపుతోంటే దూలం కిర్రుమంటోంది.

"మీరంటే గిట్టనివాళ్ళున్నారా?" అని యాకోబుని అడిగాడు ప్రసాదరావు.

"లెక్కల మాస్టారు జగ్గారావుగారండీ. అది గుండు కాదు, రైలు తుక్కని ఊరంతా చెప్పారు."

సత్తిబాబు 'దొంగ: జగ్గారావు' అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

బారసాల వేళకి ప్రసాదరావు అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు. జగ్గారావు మొహం మాడ్చుకుని వచ్చాడు.

"తుక్కనుకున్నదాన్ని జగ్గారావుగారు మొయ్యరు. పైగా దొంగ పసుపు చేతులతో వచ్చాడు. మధ్యాహ్నం బిడ్డ తల్లి ఒడిలో ఉన్నాడు. మరి వెంకటనరసమ్మగారు జోల పాడింది ఎవరికి? బిడ్డ రాయిలా ఉండాలని ముందు రుబ్బురోటి పొత్రాన్ని ఉయ్యాలలో వేస్తాం కదా. సత్తిబాబూ, ఆ గుడ్డ తియ్యి."

బందరు కోట ఫిరంగిగుండు ఒళ్ళంతా పసుపు రాయించుకుని, కాటుకతో దిష్టిచుక్క పెట్టించుకుని హాయిగా పడుకుని ఉంది. సత్తిబాబు తన గీతలు కొట్టేశాడు.

వెంకటనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వీడికి ముందు ఇద్దరు పోయారండీ. వాళ్ళకీ పొత్రమే వేశాం. ఇదేమో అంత యుద్ధంలోనూ పగల్లేదని మాస్టారే చెప్పారు. వీణ్ణి పడుకోబెట్టగానే తిరిగి పెట్టేద్దామనుకున్నాను. ఈయన పరుగెత్తేసరికి భయమేసి నోరు పెగల్లేదండీ."

యాకోబు కళ్ళు తుడుచుకున్నాడు. "ముందు బిడ్డని పడుకోబెట్టండమ్మా. నాకు రేపటికిస్తే చాలు."

మర్నాడు ఇన్‌స్పెక్టరు ఆ గుండు చుట్టూ తిరిగి తిరిగి, నల్లచుక్క దగ్గర ఆగాడు. "ఇదేమిటి?"

"దిష్టిచుక్కండీ," అన్నాడు యాకోబు. "ఆ కోట మీద అందరి కళ్ళూ పడ్డాయి కదండీ."