పసుపు పూసిన దారం

నాలో ఒక సుగుణం ఉంది. ఎవరైనా నాకు తెలియని సంగతి అడిగితే ‘తెలియదు’ అని చెప్పి వాళ్ల మనసు కష్టపెట్టను. పదో తరగతి తప్పిన నన్ను ఖతర్ దేశపు మెసయీద్‌లో కంపెనీ స్టోర్‌కీపర్‌ని చేసింది ఆ సుగుణమే. వెల్డింగ్ రాడ్డు, సేఫ్టీ బూటు, ఏసీ గ్యాసు... దేని గురించి అడిగినా ఏదో ఒకటి చెప్పేవాణ్ని. సగం సార్లు అది నిజమయ్యేది. మిగతా సగం సార్లు తప్పంతా తైవాన్ సరుకుది.

అందుకే తొంభై ఆరు చలికాలంలో మా ఇంజనీరు గురుప్రసాద్ గారు, దేశం విడిచిపోతున్న ఒక అమెరికా వాడి దగ్గర వేట విల్లు కొని తెచ్చి, “దీనికి ఇంకేం కావాలో చూడవయ్యా గజేందర్” అన్నప్పుడు, నేను దాన్ని తలకిందులుగా పట్టుకుని “మంచి సరుకు సార్” అన్నాను.

విల్లుతో పాటు వేట సామాన్ల బొమ్మల పుస్తకం ఒకటి వచ్చింది. వారం రోజులు దాన్ని తలగడ కింద పెట్టుకుని పండితుణ్నయ్యాను. నా పాండిత్యం ఇదీ: ముందు ముంజేతికి తోలు పట్టా కావాలి. లేకపోతే వింటి తాడు తిరిగి వచ్చి చర్మం లేపేస్తుంది. పాత సేఫ్టీ బూటు కోసి కుట్టాను. తాడుకు మైనం కావాలి. కొవ్వొత్తి రుద్దాను. బాణాలు గలగలమనకుండా పొదిలో స్పాంజి కావాలి. అదీ పెట్టాను. వద్దన్నది ఒక్కటే, ఆకుల బొమ్మల పచ్చ బట్టలు. “సార్, ఇక్కడ చెట్లే లేవు, ఈ బట్టల్లో మీరొక్కరే చెట్టు” అన్నాను. ఆయన వినలేదు. ఎడారిలో నడిచే చింతచెట్టులా తయారయ్యాడు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. మా క్యాంప్‌లో హన్మాండ్లు అని మేస్త్రీ ఉండేవాడు. మావి పక్క పక్క ఊళ్లు. వాడికి సుహాసిని అనే పిల్లతో పెళ్లి కుదిరింది. గురుప్రసాద్ గారు లీవు ఇవ్వక రెండుసార్లు ముహూర్తం తప్పిపోయింది. ఈ మాఘంలోనూ రాకపోతే సంబంధం వేరే చూసుకుంటామని పిల్ల తండ్రి కబురు పెట్టాడు. వాడు లీవు కాగితం జేబులో మడిచి పెట్టుకుని, సంతకం కోసం ఆయన వెనక కుక్కపిల్లలా తిరిగేవాడు. ఆయన ఏమన్నాడో తెలుసా? “శుక్రవారం వేటకు రా. పడినవి ఏరుకు రావాలి. కుందేలు పడితే సంతకం పెడతా.”

మనిషి పెళ్లి కుందేలు మీద ఆధారపడింది! నేనేం చేశాను? “సరే సార్” అన్నాను. నా కోపం ఎప్పుడూ క్యాంప్‌కి వచ్చాకే లేచేది.

బొమ్మల పుస్తకంలో ఇంకో సామాను ఉంది. విల్లు కింద ఒక డబ్బా, అందులో దారం ఉండ, దారం కొస బాణానికి. దెబ్బ తిన్న జంతువు పారిపోతే దారం వెంట పోయి పట్టుకోవచ్చు. దోహా దుకాణాల్లో అడిగితే ‘మాఫీ’, అంటే లేదు, అన్నారు. నేనే చేశాను. పాలపొడి డబ్బా, మేస్త్రీలు గోడ లెవెల్ చూసే నూలు దారం. కానీ ఇసుకలో తెల్ల దారం కనపడదు కదా. మెస్‌లో గిన్నెడు పసుపు కలిపి ముంచి ఆరేశాను. గొప్ప తెలివి అనుకున్నాను.

హన్మాండ్లు చూసి ముఖం మాడ్చుకున్నాడు.

“గిదేందన్నా, కంకణం లెక్క? గట్ల కట్టొద్దే.”

“కడితే ఏమైతది?”

“పసుపు దారం కట్టినంక గది మన మనిషైతది. ఇప్పేదాక ఇడిచి పోదు.”

“కుందేలు మన మనిషైతే మంచిదే కదరా. నీ పెళ్లికి పెద్దగా కూసోబెడదాం” అన్నాను. నా హాస్యానికి నేనే నవ్వుకున్నాను.

శుక్రవారం పొద్దున పికప్‌లో ఇసుక దిబ్బల వైపు పోయాం. తెల్లారింది గానీ పొగమంచు. ఖతర్‌లో చలికాలపు పొగమంచు చూసినవాళ్లకు తెలుస్తుంది, చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. వెనక రిఫైనరీ మంట ఎర్రటి మరకలా వెలుగుతోంది. ఎరువుల ఫ్యాక్టరీ ఘాటు, ఉప్పు నేల వాసన. మా బట్టలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. ఎక్కడా పిట్ట కూత లేదు.

గురుప్రసాద్ గారు చెయ్యెత్తాడు. ముందు ఒక తుప్ప, దాని పక్కన ఏదో వంగి కూర్చున్నట్టు నీడ. కుందేలు కంటే పెద్దది.

“సార్, మనిషేమో” అన్నాను.

“నోరు ముయ్” అని బాణం వదిలాడు.

మెత్తటి గోడకు మేకు దిగినట్టు చప్పుడు. అరుపు లేదు. డబ్బాలోంచి దారం పోవడం మొదలైంది. సర్... సర్... సర్...

“తగిలింది!” అని ఎగిరాడు ఆయన.

దారం ఆగింది.

మేం ఊపిరి బిగబట్టాం. మళ్లీ కదిలింది. సర్... సర్... తొందర లేదు. దెబ్బ తిన్నది పరుగెత్తాలి. ఇది నడుస్తోంది. హన్మాండ్లు దగ్గాడు. ఆగింది. మేం ఊరుకున్నాం. కదిలింది.

వింటోంది...

“ఒరేయ్ హన్మాండ్లూ, దారం పట్టుకుని వెళ్ళు. బాణం తీసుకురా.”

“మంచు తేలినాక పోతా సారూ.”

“పెళ్ళి కావాలా వద్దా నీకు?”

వాడు దారం మీద చెయ్యి వేశాడు. ఈసారి నా కోపం క్యాంప్ దాకా ఆగలేదు. వాడి చొక్కా పట్టి వెనక్కి గుంజాను.

“పోడు! వాడు పోడు సార్. నీ బాణం నువ్వే తెచ్చుకో! రెండేండ్ల నుంచి వాని బతుకుతోని ఆడుకుంటున్నవ్, సిగ్గు లేదా నీకు?”

మొదటిసారి ఆయన్ని ‘నువ్వు’ అన్నాను. ఆయన ముఖం నల్లబడింది. “ఇద్దర్నీ రేపే వీసా క్యాన్సిల్ కొట్టి పంపిస్తా, వెధవల్లారా” అంటూ విల్లు నా మీదికి విసిరి, దారం పట్టుకుని మంచులోకి వెళ్లాడు. తిట్లు దూరమవుతున్నాయి. “పనికిమాలిన... తిండి దండగ... వెధ—”

అంతే.

డబ్బా నా చేతిలో ఉంది. దారం వదులైంది. ఎరువుల ఘాటు ఒక్కసారిగా పోయింది. ఏ వాసనా లేదు.

“సార్!” అన్నాను. పలకలేదు.

చాలాసేపటికి అడుగులు. ఆకుల బొమ్మల బట్టలు మంచులోంచి బయటికి వచ్చాయి. గురుప్రసాద్ గారే. చేతిలో బాణం లేదు. కుడి మణికట్టుకు పసుపు దారం, వరుసలు వరుసలుగా, పెళ్లికొడుక్కి చుట్టినంత పద్ధతిగా. మేం తడిసి ముద్దయ్యాం. ఆయన బట్టలు పొడిగా ఉన్నాయి.

“ఆలస్యం చేశాను. మన్నించండి” అన్నాడు.

తర్వాత హన్మాండ్లు వైపు తిరిగాడు.

“హన్మాండ్లు గారూ, ఆ కాగితం ఇలా ఇవ్వండి. పెళ్ళికి వెళ్ళాలి కదండీ.”

పికప్ బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. ఎడమ చేత్తో చేశాడు. అచ్చు ముద్రలా ఉంది సంతకం. తర్వాత వచ్చి మా ఇద్దరి మధ్య సీట్లో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన భుజం నాకు తగులుతోంది. వెచ్చగానూ లేదు, చల్లగానూ లేదు.

ఇంజన్ స్టార్ట్ చేశాను.

అప్పుడు వినబడింది. వెనక మంచులోంచి, చాలా దూరం నుంచి...

“ఒరేయ్ గజేందర్! ఎక్కడ చచ్చార్రా! హారన్ కొట్టండ్రా!”

ఆ గొంతు నాకు తెలుసు. రెండేళ్లుగా రోజూ తిన్న తిట్లు అవి.

హన్మాండ్లు కాగితాన్ని గుండెకు నొక్కి పట్టుకున్నాడు. “అన్నా... విన్నవా?” గుసగుసగా అన్నాడు.

“లేదు” అన్నాను.

“ఒరేయ్! దారి కనబడట్లేదురా! ఒరేయ్...” ఈసారి గొంతులో ఏడుపుంది.

మా మధ్య కూర్చున్నాయన నా వైపు తిరిగి నవ్వాడు. “బయల్దేరదామా అండీ?”

గేరు వేశాను. హారన్ మీద ఉన్న చెయ్యి తీసేశాను.

హన్మాండ్లు పెళ్లి జరిగింది. ఇద్దరు పిల్లలు. గల్ఫ్ మాట ఎత్తితే అక్కణ్నుంచి లేచి వెళ్లిపోతాడు. గురుప్రసాద్ గారు ఇంకో నాలుగేళ్లు పనిచేశాడు. అంత మంచి సారు ఎక్కడా లేడని క్యాంప్ అంతా అనుకునేది. అడిగినవాడికల్లా లీవు. ఒక్క తిట్టు లేదు.

ఒకసారి ఆయన భార్య వేదవతి గారు స్టోర్‌కి వచ్చారు. బల్బు కావాలన్నారు. ఇచ్చాను. వెళ్లకుండా నిలబడ్డారు.

“గజేందర్ గారూ, మీరు రోజూ చూస్తుంటారు కదా, అడుగుతున్నాను. మావారు సాయంత్రం ఇంటికొచ్చి గడప బయటే ఆగిపోతారండీ. ‘రమ్మంటారా’ అని అడుగుతారు. నేను రమ్మంటేనే లోపలికి వస్తారు. నిన్న పిల్లాడితో ఆడుకుంటూ జవాబు చెప్పడం మర్చిపోయాను. పొద్దున తలుపు తీస్తే అక్కడే నిలబడి ఉన్నారు. నవ్వుతూ.”

ఆమెకు ఏదో ఒకటి చెప్పి పంపాను. ఏం చెప్పానో గుర్తు లేదు.

ఆ పొద్దున హారన్ మీద నుంచి నా చెయ్యి తీయించింది భయమో, కోపమో... ఇంతవరకూ నాకు తెలియదు.