జపాను బొమ్మా, లాకు దెయ్యమూ

అంబాజీపేట దారిలో మా కాలవ లాకు ఉంది చూశారూ... చీకటి పడ్డాక అటు వెళ్ళొద్దనేవారు.

పగలు బాగానే ఉంటుంది. కాలవకి అడ్డంగా రెండు జతల పెద్ద తలుపులు, గట్టు మీద ఆ తలుపులు తీసే లస్కరు పడుకునే పెంకుటి గది. పడవ వచ్చి కేకేస్తే లస్కరు లేచి వస్తాడు. తలుపుకున్న దూలానికి నడుం ఆనించి నెట్టుకుంటూ వెళితే తలుపు తెరుచుకుంటుంది, పడవ సాగిపోతుంది. ఇందులో దెయ్యానికి చోటెక్కడుంది?

కానీ ఆ ఏడు — యాభై ఏడో, యాభై ఎనిమిదో, ఈ కథ చెప్పిన మా పెద్దమ్మ కనకమ్మ గారికే సరిగ్గా గుర్తులేదు — పడవలవాళ్ళ నోట ఒక మాట పుట్టింది. రాత్రి కేకేస్తే లస్కరు రావడం లేదట. ఇంకెవరో వస్తున్నారట...

తల మీంచి తెల్లటి ముసుగు. చేతిలో దీపం ఉండదు. పలకరిస్తే పలకదు. వంగి దూలం నెడుతుంది. తలుపు తెరుస్తుంది. పడవ దాటేదాకా మొహం అటు తిప్పుకుని నిలబడుతుంది.

సత్యం అనే పడవవాడు ఓసారి ధైర్యం చేసి, "ఎవరండీ?" అన్నాడు. కాసేపటికి సన్నగా ఒక మూలుగు వినపడింది — అంతే! ఆనాటి నుంచి సత్యం ఆ లాకులో కళ్ళు గట్టిగా మూసుకునే గడ వేసేవాడు. పడవ గోడకి కొట్టుకున్నా సరే, తెరిచేవాడు కాదు.

ఆ లాకుకి లస్కరు సత్తిరాజు. మంచివాడే. ఈ మాట అతని చెవినీ పడింది. "ఆయ్, నేనూ విన్నానండి" అనేవాడు. మరి నీ బదులు తలుపు తీస్తున్నదెవరు నాయనా అని తనని తాను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే జవాబు వెతకాలి. జవాబు దొరికితే సినిమా మానాలి.

అవునండీ, సినిమా!

అంబాజీపేటలో డేరా వేసిన టూరింగు టాకీసుకి ఎక్కణ్ణించో జపాను బొమ్మ వచ్చింది. సముద్రంలోంచి కొండంత జంతువు లేచి వస్తుంది. దాని నిద్ర చెడగొట్టారట మనుషులు. ఇంక చూసుకోండి — వంతెనలు విరుస్తుంది, ఓడలు బోర్లిస్తుంది, మేడల్ని అప్పడాల్లా నలిపేస్తుంది. జపాను మాటలు ఎవరికీ అర్థం కావు. అందుకని డేరా మేనేజరు నతానియేలు గారు మైకు పట్టుకుని తోచిన కథ తోచినట్టు చెప్పేసేవారు. "అదిగో, ఆకలేసిందండోయ్ దానికి... పారిపోండోయ్!" అని. నిన్న చెప్పిన కథ ఇవాళ ఉండేది కాదు.

సత్తిరాజు అందరికంటే ముందు ఇసకలో చతికిలబడేవాడు. ఆ మేడలు అట్టముక్కలని అతనికి తెలుసు. జంతువు లోపల ఒక మనిషి ఉన్నాడని కూడా కనిపెట్టేశాడు — మోకాలి దగ్గర తోలు లాగులా ముడతపడింది మరి! అది తెలిశాక ఇష్టం పోలేదు సరికదా, రెట్టింపయింది. ఆ ఉక్కలో, ఆ బరువుతో, లోపలివాడు ఒక్కో అడుగూ ఎలా వేస్తున్నాడో చూసి మురిసిపోయేవాడు. తోక ఊగితే ఎగిరి గంతేసేవాడు. జంతువు అరిస్తే తనూ అరిచేవాడు. పగలంతా పై అధికారి ఓవర్సీరుకీ, పడవల ఆసాములకీ ఆయ్, ఆయ్ అంటూ తల ఊపే మనిషి... అక్కడ మాత్రం నోరారా అరిచేవాడు.

ఇంట్లో పెళ్ళాం వీరవేణికి మాత్రం "లాకు కాడ డూటీ" అని చెప్పేవాడు. రాత్రి లస్కరు లేడని ఒక్క అర్జీ పడితే చాలు, ఉద్యోగం ఊడుతుంది. ఆ జీతం తప్ప వాళ్ళకి ఇంకో ఆధారం లేదు. అది తెలిసీ రోజూ రెండో ఆటకి వెళ్ళేవాడు.

తిరిగొచ్చేటప్పుడు మాత్రం దారంతా మనసులో ఒకటే పీకుడు. నమ్ముకున్న పెళ్ళానికి అబద్ధం చెప్పాను, తింటున్న తిండికి ద్రోహం చేస్తున్నాను... రేపట్నించి వెళ్ళను, ఒట్టు — అనుకునేవాడు. మర్నాడు డేరాలో రికార్డు మోగగానే ఒట్టు గట్టున పెట్టేవాడు.

ఆ రాత్రి మంచు బాగా కురుస్తోంది. ఆట వదిలాక కాలవ గట్టున ఒక్కడే వస్తున్నాడు. లాకు ఇంకా కాస్త దూరం ఉందనగా...

కిర్ర్ర్...

దూలం కదిలిన చప్పుడు. సత్తిరాజు కాళ్ళు ఆగిపోయాయి.

కొబ్బరిచెట్టు చాటుకి తప్పుకుని చూశాడు. లాకులో కొబ్బరికాయల పడవ. పడవలో సత్యం, కళ్ళు మూసుకుని. పైన... తెల్లటి ముసుగు.

దూలానికి నడుం ఆనించి నెడుతోంది. తలుపు కదల్లేదు. మళ్ళీ నెట్టింది. కాలు జారి మోకాళ్ళ మీద పడింది... లేచింది... ఈసారి వెనక్కి తిరిగి, వీపు ఆనించి నెట్టింది.

సత్తిరాజుకి అరుద్దామంటే గొంతు లేదు — డేరాలో అన్ని అరుపులు అరిచిన గొంతు!

అప్పుడు వినపడింది, ఆ మూలుగు. సన్నగా... "అమ్మా..." అని.

సత్తిరాజు గుండె జారిపోయింది. భయంతో కాదు. నీళ్ళబిందె చంకలోంచి దించేటప్పుడు ఇంట్లో రోజూ వినే మూలుగే అది.

పరిగెత్తాడు. "వేణీ..."

"ష్... మాటాడకండి" అంది ముసుగులోంచి, గుసగుసగా. "గొంతు గుర్తుపడతారు. లస్కరు బదులు పెళ్ళాం తీత్తందని తెలిసిపోద్ది. ముందు నెట్టండి."

ఇద్దరూ నెట్టారు. తలుపు కదిలింది.

అదేం కర్మో, సరిగ్గా అప్పుడే సత్యం ఒక కన్ను తెరిచాడు. "ఓరి బాబోయ్... ఇద్దరయ్యేర్రోయ్!" అంటూ పెట్టిన కేకకి అవతలి గట్టున కుక్కలు లేచాయి. పడవ ఎన్నడూ లేనంత జోరుగా వెళ్ళిపోయింది.

తరవాత మా ఊళ్ళో దీన్ని తలుచుకుని నవ్వనివాళ్ళు లేరు. ఆ రాత్రి సత్తిరాజుకి మాత్రం నవ్వు రాలేదు.

వీరవేణి మెట్ల మీద కూలబడింది. తలమీంచి జారింది సత్తిరాజు పంచే. దూరం నించి మగమనిషిలా కనపడాలని కప్పుకుందట.

"ఎన్నాళ్ళనించి?" అన్నాడు.

"ఓ రాత్రి మీకు దుప్పటి తెచ్చేనండి. గది ఖాళీ. పడవోళ్ళు కేకలేత్తన్నారు, ఓవర్సీరు గారికి చెప్తావంటన్నారు. ఏం చెయ్యను మరి? అప్పట్నించీ రోజూ వత్తన్నాను."

"నాతో అనొచ్చు కదే..."

"అందావనే అనుకున్నాను." జారిన పంచె మడతపెట్టింది. "పొద్దున్నే మీ మొహం చూత్తే... పెళ్ళయినకాడ్నించీ అంత కళగా ఎప్పుడూ చూళ్ళేదండి. నోరు రాలేదు."

సత్తిరాజు ఆమెకి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. పక్కన కూర్చోడానికి మొహం చెల్లలేదు. వీరవేణి వంగి చేతులు కాలవ నీళ్ళలో పెట్టింది. ఆ మంచులో, అంత మసక వెన్నెల్లోనూ ఆ అరిచేతుల్లో పొక్కులు కనపడ్డాయి. కొన్ని చితికి ఉన్నాయి.

"ఇంక ఆ డేరాకి వెళ్ళను" అన్నాడు.

ఆవిడ నీళ్ళలోనే వేళ్ళు మెల్లగా ముడిచి, విప్పింది.

"ఏవండీ..." అంది చివరికి. "ఊరంతా చెప్పుకుంటన్నారు, ఆ బొమ్మలో ఏదో జంతువంట కదా. ఆఖరికి ఏవవుద్దండీ అది?"

సత్తిరాజు తల ఎత్తలేదు. "చంపేత్తారు."

"అయ్యో... పాపం!" అంది వీరవేణి, చేతులు నీళ్ళలోంచి తీయకుండానే.

ఆ మాటకి సత్తిరాజు భోరుమన్నాడు.