హాయిస్టు రూము సందులో మూడు దెబ్బలు

మారికుప్పం స్టేషన్‌లో దిగి పాత మైను లైన్లకు, అంటే గని కార్మికుల ఇళ్ళ వరుసలకు, పోవాలంటే హాయిస్టు రూము సందే దగ్గరి దారి. అయినా పొద్దు గూకిందంటే మగవాళ్ళు కూడా ఒంటరిగా అటు పోరు. బెంగుళూరులో పని చేసి రాత్రి రైలు దిగే ఆడవాళ్ళు మాత్రం పోతారు... గుంపుగా, మాట్లాడకుండా. చుట్టుదారిన పోతే అరగంట.

ఒకప్పుడు బంగారు గనిలోకి మనుషుల్ని దించిన ఇంజను గది అది. ఇప్పుడు కప్పు లేదు, తలుపు లేదు. కానీ రాత్రి తొమ్మిది దాటితే లోపల ఇనుము మోగుతుందట.

టంగ్... టంగ్... టంగ్.

మూడే. నాలుగోది విన్నవాళ్ళు లేరు.

లైన్లలో పుట్టినవాళ్ళకు దాని అర్థం చెప్పనక్కరలేదు. గనిలో మనుషులెక్కే ఇనుప బోను కదలాలంటే కింది నుంచి గంట కొట్టాలి. మూడు కొడితే, ‘మనుషులున్నాం, మెల్లగా లాగు’ అని. ఆ కాలపు ఇంజను డ్రైవర్లు బోను లాగితే చేతిలోని టీ గ్లాసు తొణికేది కాదంటారు. ఇప్పుడు బేతమంగళ బస్సెక్కితే నడుము నడుము కాదు... సరే, అది వేరే కథ. గని మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. మరి లాగమని కొడుతున్నది ఎవరు?

ఆ వార్డు మెంబరు శాంతిరాజుకు దెయ్యాల మీద నమ్మకం లేదు. రెండేళ్ళుగా నగరసభలో ఒకటే అడుగుతున్నాడు: ఆ సందుకు నాలుగు దీపాలు, ఒక వాచ్‌మన్. అతని తమ్ముడి కూతురు షెరిన్ మెడలో గొలుసు దొంగలు తెంపి, తోసి, చేయి విరిచింది ఆ సందులోనే. ఎక్స్‌రే తెచ్చి సభలో చూపించాడు. ఫైలులో పెట్టుకున్నారు. ఫైలు కనబడలేదు.

ఇంతలో నేరాలు ఆపడానికని నిధి వచ్చింది. ఒక్క చోటికే సరిపోతుంది. బజారు వార్డు వాదిరాజ లేచి, కెమెరాలు తన బజారు సర్కిల్‌కే కావాలన్నాడు.

“ఆరు నెలలుగా ఆ సందు నుంచి ఒక్క కంప్లయింటన్నా ఉండాదా? దెయ్యానికి భయపడి దొంగలే రావడం లేదంట. జీతం అడగని వాచ్‌మన్ను పెట్టుకోని, ఇంగొకడు యాలప్పా నీకు?”

సభంతా నవ్వింది. అధ్యక్షురాలు మంజుశ్రీ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది.

“రేపు ఓటు పెడతాం శాంతిరాజన్నా. ఆ సందులో మనుషుల వల్లనే ప్రమాదం అనేదానికి ఏదన్నా ఆధారం తీసుకోని రా.”

ఆధారం! పిల్ల చేయి విరిగితే చాలదు, దెయ్యాన్ని పట్టి తేవాలి. శాంతిరాజు పళ్ళు కొరుక్కుంటూ బయటికి వచ్చాడు. సరే, తెస్తాను. కొడుతున్నవాడు మనిషేనని ఒక్క ఫోటో చూపిస్తే దీపాలు తనవే.

ఆ రాత్రి రైలు రాకముందే సందులో గోడవార నిలబడ్డాడు. టార్చి ఆర్పేశాడు. గని మట్టి పోసిన సైనైడు దిబ్బ మీది నుంచి గాలి బూడిద దుమ్ము తెచ్చి కళ్ళలో కొడుతోంది. దూరంగా రైలు కూత... తర్వాత అదీ లేదు.

టంగ్—

అతని తండ్రి కూడా ఆ బోనులోనే దిగినవాడు.

టంగ్...

పారిపోదామనుకున్నాడు. ఫోటో గుర్తొచ్చి గోడకు అతుక్కున్నాడు.

టంగ్.

గది లోపల తెల్లగా ఏదో కదిలింది. శాంతిరాజు ఏసు నామం తలచుకుంటూ దూకి, దొరికింది దొరికినట్టు పట్టుకున్నాడు. వేళ్ళకు తగిలింది చేయి. వెచ్చగా ఉంది.

“వదలప్పా! గాజులు పగుల్తాయి...” అని ఆ చేయి గుసగుసలాడింది.

టార్చి వేశాడు. జెసింతా! రిటైరైన నర్సమ్మ. పాత తెల్ల చీర, చేతిలో ఇనుప కడ్డీ. వెనక షెరిన్ నిలబడి ఉంది.

“పెద్దనాన్నా, అరవద్దు. రైలు దిగినోళ్ళంతా సందు దాటేవరకే...” అంది.

మిగతాది జెసింతా చెప్పింది.

“నువ్వు అడిగి అడిగి అలిసిపోయినావు. మేం చేసుకున్నాం. గొలుసులు తెంపేటోళ్ళు యాడి నుంచో రాలేదప్పా, మన లైన్ల పిల్లోళ్ళే. వాళ్ళ తాతలూ కిందికి దిగినోళ్ళే. ఆ మూడు దెబ్బలు వింటే ఒక్కడూ అడుగు ముందరికి పెట్టడు. దినానికొకరం కొడతాం. ఆరు నెలలాయె, ఒక్క గొలుసు పోలేదు.”

“రేపు ఈ మాట సభలో చెప్తాను. సిగ్గుతో చస్తారు.”

“చెప్పు. దెయ్యం లేదని ఊరంతా తెలిసిపోతాది. మీ దీపం ఎప్పుడు వచ్చేది?”

శాంతిరాజు లెక్క వేసుకున్నాడు. ఓటు, అంచనా, టెండరు, మళ్ళీ టెండరు... “ఎనిమిది నెలలు. ఏడాదీ కావచ్చు.”

“అంతదాకా మేం ఎట్ల నడిచేది పెద్దనాన్నా?” అంది షెరిన్, వంకరగా అతుక్కున్న మణికట్టు నిమురుకుంటూ.

మర్నాడు సభలో వాదిరాజ వెక్కిరించాడు. “ఏమప్పా, ఆధారం దొరికెనా?”

శాంతిరాజు లేచాడు. గొంతు దాకా వచ్చిన నిజాన్ని మింగాడు.

“దెయ్యం ఉండాది. నేనే చూసినాను.”

బల్లలు చరిచి మరీ నవ్వారు. కెమెరాలు బజారుకు పోయాయి. ఆ సందులో భద్రతకు లోటు లేదని తీర్మానంలో రాసి, అతని చేతే సంతకం పెట్టించారు.

సాయంకాలం జెసింతా వాకిలి ముందుకు పోయి నిలబడ్డాడు. ఆమె లోపలి నుంచి కాఫీ తెచ్చి ఇచ్చింది.

“మంగళవారం కొట్టేదానికి ఒక మనిషి తక్కువప్పా. నీకు వీలవుతాదా?”