టచింగ్ చెయ్యని మొహాలు

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో ఉతికిన బట్టలు బకెట్లోనే ఉండిపోయాయి. దండెం మీద ఒక్క క్లిప్పు కూడా లేదు మరి.

"చిట్టీ! క్లిప్పులన్నీ ఏమైపోయాయే?" అమ్మ పెరట్లోంచి కేకేసింది.

"నేనే తీసుకున్నానమ్మా. సాయంత్రం ఇచ్చేస్తాలే. ఇవాళ్టికి కుర్చీల మీద ఆరేసుకో."

"నీ ఫొటోలు గాలికి ఊగడానికి నా బట్టలు బకెట్లో మురగాలన్నమాట!" అంది అమ్మ. అంటూనే కూతురికి ఫ్లాస్కులో కాఫీ పోస్తోంది. ఆవిడ కోపం ఎప్పుడూ నోటి దగ్గరే ఆగిపోతుంది, చేతుల దాకా రాదు.

చిట్టి అంటే చిన్నపిల్లేం కాదు, ముప్ఫై దాటిన ఫొటోగ్రాఫరు. పని నాన్న స్టూడియోలోనే. పాస్‌పోర్టు ఫొటోలకి వచ్చినవాళ్ళ గడ్డాలు పైకెత్తించి "నవ్వకండి" అని చెప్పడంతోనే వారమంతా గడిచిపోయేది. ఖాళీ దొరికితే కెమెరా మెళ్ళో వేసుకుని తమ వీధిలోవాళ్ళనే తీస్తూ తిరిగేది. వాటితో ఒక ప్రదర్శన పెట్టాలని ఆశ. హాళ్ళవాళ్ళని అడిగితే "ఇంతకుముందు ఎక్కడ పెట్టారు?" అన్నారు. ఎవరూ పెట్టనివ్వకపోతే ఆ 'ఇంతకుముందు' ఎక్కణ్ణుంచి ఊడిపడుతుందో వాళ్ళే చెప్పాలి. చిట్టికి ఒళ్ళు మండింది. వీధి చివరి పార్కు కమ్మీలకి తాళ్ళు కట్టుకుని తానే పెట్టుకుంటానని పర్మిషన్ తెచ్చుకుంది. ఫొటోల్లో ఉన్నవాళ్ళందర్నీ ఇంటింటికీ వెళ్ళి పిలిచింది. "మీరు ఎలా ఉంటారో అలాగే కనబడతారు, వచ్చి చూసుకోండి" అని మాట కూడా ఇచ్చింది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో నాన్నని గెలవడం కష్టమేం కాలేదు. "ప్రింట్ల సంగతి నాకొదిలెయ్, నువ్వు తాళ్ళూ గీళ్ళూ చూసుకో" అని ఆయన స్టూడియో వెనక గదిలో దూరాడు. తిండికి పిలిస్తే తప్ప బయటికి రాలేదు. ఇప్పుడు బ్రౌన్ పేపర్లో చుట్టిన పెద్ద కట్ట పట్టుకుని, మొహం వెలిగిపోతూ గుమ్మంలో నించున్నాడు.

"ఏదీ, ఒకసారి చూడనీ నాన్నా."

"ఊహూఁ, పార్కులోనే విప్పాలి. చూశాక నువ్వే అంటావు, నాన్నంటే నాన్నే అని."

నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఏదో దాస్తున్నాడంటే అప్పుడే అనుమానం రావాల్సింది. తాళ్ళ హడావుడిలో చిట్టికి రాలేదు.

పార్కులో తాళ్ళు బిగించి, క్లిప్పులు తగిలించి, చిట్టి అక్కడున్న బల్ల మీద కట్ట విప్పింది. పైన కుట్టుమిషన్ పెద్దమ్మ ఫొటో ఉంది. కుట్టి కుట్టి గుంటలు పడ్డ కళ్ళు, వాటి చుట్టూ గళ్ళు గళ్ళుగా ముడతలు. చిట్టి తీసినప్పుడు ఇవన్నీ ఉన్నాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు. పెద్దమ్మ చెంపలు యాపిల్ పళ్ళలా నున్నగా మెరుస్తున్నాయి. కింద సైకిల్ షాపు బాబాయ్. కనుబొమ్మ మీది గాటు మాయం, గోళ్ళలో నలుపు మాయం. గబగబా అన్నీ తిరగేసింది. వీధి వీధంతా స్నానం చేసి పౌడరు రాసుకుని కూర్చుంది.

"నాన్నా, ఎవరు వీళ్ళంతా?"

"బాగా వచ్చాయి కదూ!" అన్నాడు నాన్న. "పెద్దమ్మ ఒక్కదానికే ఒక పూట పట్టిందే తల్లీ."

ఆయన తప్పనడానికీ లేదు. రీలు రోజుల్లో పెన్సిల్ని సూదిలా చెక్కి, నెగటివ్ మీద మచ్చలు కప్పేసిన చెయ్యి అది. కంప్యూటర్ వచ్చాక మౌస్ పట్టింది. ఆయన టచింగ్ చేస్తే కాకికి కూడా నెమలి కళ వస్తుందని వీధిలో చెప్పుకుంటారు. కూతురి మొదటి ప్రదర్శనకి తనకొచ్చిన విద్యంతా ధారపోశాడు.

"నిన్నెవరు చెయ్యమన్నారు? ఆ ముడతల కోసమే కదా నేను తీసింది!"

"నలుగురూ చూసేచోట ఆ ముడతలతో పెడితే ఆవిడ నొచ్చుకోదూ? మనుషుల్ని అందంగా చూపించడం తప్పెప్పుడైందే? ఈ టచింగే నీకు తిండి పెట్టింది, మర్చిపోకు."

"ఉన్న మనిషి ఉన్నట్టు నీకెప్పుడైనా నచ్చాడా నాన్నా? ఒక్కరైనా?"

ఆ మాట నాన్నకి గట్టిగానే తగిలింది. అన్నాక చిట్టికీ నాలిక కరుచుకోవాలనిపించింది గానీ, అప్పటికే ఆలస్యమైంది.

ఫ్లాస్కు పట్టుకుని వచ్చిన అమ్మ వాళ్ళిద్దరి మధ్యా నించుంది. ఆవిడ చూపు కట్టలో అడుగున ఉన్న తన ఫొటో మీద పడింది. చిన్నప్పుడు వేణ్ణీళ్ళు పడి, కుడి చెంప మీద చెవి దాకా పాకిన మచ్చ ఆవిడకి. ఫొటోలో ఆ చెంప తెల్లకాగితంలా ఉంది.

"పోనీలెండి" అంది నెమ్మదిగా. "మన పెళ్ళిఫొటోలోనూ లేదుగా."

నాన్న తలెత్తాడు. "అదేమిటి, అలా అంటావు?"

"ఉన్నమాటే అన్నాను. మనింట్లో గోడల మీద ఎన్ని ఫొటోలున్నాయో, వేటిలోనూ నేను లేను. మీరు తుడిచి పెట్టిన ఎవరో ఉంది. చిట్టి ఇది తీసినప్పుడు, మచ్చ పడిందా అని మళ్ళీ మళ్ళీ అడిగాను. పడిందమ్మా అంది. పోన్లే, దీన్లోనైనా ఉన్నానని సంబరపడ్డాను."

"నీకిష్టం లేదనుకునే కదటోయ్ తుడిచాను!" అన్నాడు నాన్న. "కెమెరా ఎత్తితే చాలు, మొహం అటు తిప్పేసుకునేదానివి."

"మొదట్లో తిప్పుకున్నానా? పెళ్ళిఫొటోలో తిన్నగానే చూశాను. అది చేతికొచ్చాక చూస్తే మచ్చ లేదు. ఓహో, ఈయనకి ఇష్టం లేదు కాబోలు అనుకున్నాను. తిప్పుకోవడం ఆ తర్వాతే."

మొదటిసారి అలవాటుకొద్దీ తుడిచిన ఆయన, ఆ తర్వాత ఆవిడ తిప్పుకుంటోందని తుడిచాడు. ఆయన తుడుస్తున్నాడని ఆవిడ తిప్పుకుంది. ఎదురెదురుగా కూర్చుని ఇన్నేళ్ళు అన్నం తిన్నారు గానీ, ఒకర్నొకరు ఒక్క మాట అడగలేదు. చిట్టికి తన ప్రదర్శన సంగతి కాసేపు గుర్తే రాలేదు.

నాన్న స్కూటర్ తాళాలు తీసుకుని విసవిసా గేటు దాటాడు.

"కోపమొచ్చి వెళ్ళిపోయాడా అమ్మా?"

"ఆయనకి కోపమొస్తే చెప్పులు మర్చిపోతాడు. వేసుకునే వెళ్ళాడుగా. వస్తాడు."

అంతలో జనం రానే వచ్చారు. తాళ్ళు చూస్తే బోసిగా ఉన్నాయి. కుట్టుమిషన్ పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని, బల్ల మీద ఉన్న తన ఫొటో ఎత్తి చూసింది.

"ఎవరే ఈ పిల్ల? మా చెల్లెలి కూతురి పోలికలున్నాయి!"

"మీరే పెద్దమ్మా" అంది చిట్టి సిగ్గుపడుతూ.

"చాల్లే! నా ముడతలు ఏమైపోయాయి? అవి ఊరికే వచ్చాయనుకున్నావా? ఒక్కోటీ ఒక్కో పెళ్ళివారి బట్టలు!"

సైకిల్ షాపు బాబాయ్ మాత్రం తన ఫొటో వదల్లేదు. "ఇది నాకిచ్చెయ్యవే, ఇంట్లో పెట్టుకుంటా. కానీ తాడుకి మాత్రం నన్నే వేలాడదియ్యి" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

స్కూటర్ చప్పుడు వినబడేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నాన్న చంకలో కొత్త కట్ట ఉంది. అంచులు కత్తిరించలేదు, తెల్ల మార్జిన్లు అలాగే ఉన్నాయి. అంచు వంకరపోయిన ఫొటో చచ్చినా స్టూడియో గడప దాటించని మనిషి ఆయన.

"కత్తిరించడానికి టైం లేకపోయిందే" అన్నాడు కూతురి మొహం చూడకుండా. "ఉన్నవి ఉన్నట్టే. ఎక్కడా ముట్టుకోలేదు."

చిట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. "అంత మాట అనకుండా ఉండాల్సింది నాన్నా."

"అన్నావు కాబట్టే ఇవాళైనా మీ అమ్మ మనసు తెలిసింది. పద, పద, జనం నించున్నారు."

ఒకటొకటిగా తాళ్ళ మీదికి వీధంతా ఎక్కింది. పెద్దమ్మ తన ముడతలు తానే వేలితో లెక్కపెట్టుకుంటూ మురిసిపోయింది. అమ్మ ఫొటో మాత్రం నాన్న ఎవరికీ ఇవ్వలేదు. మధ్యలో చోటు చూసి, తనే తగిలించి, రెండడుగులు వెనక్కి వేసి అలా నించుండిపోయాడు. ఆ ఫొటోలో అమ్మ నోరారా నవ్వుతోంది. నవ్వుతో పాటు మచ్చ కూడా ముడుచుకుని పైకి లేచింది.

"నవ్వితే అది కూడా నవ్వుతుందోయ్" అన్నాడు మెల్లగా. "రోజూ చూస్తూనే ఉన్నాను గానీ, ఫొటోలో ఇలా ఉంటుందనుకోలేదు."

"ఎలా ఉంది?"

"మా ఆవిడలా ఉంది."

అమ్మ చిట్టి మెళ్ళోంచి కెమెరా తీసి ఆయన చేతిలో పెట్టింది. వెళ్ళి ఎండలో నించుని, కుడి చెంప తిన్నగా ఆయన వైపే తిప్పింది.

"తియ్యండి."

నాన్న కెమెరా ఎత్తాడు. ఎత్తినవాడు ఎంతకీ నొక్కడు.

"వెలుతురు చాలట్లేదు చిట్టీ" అన్నాడు.

నెత్తి మీద సూర్యుడు మండిపోతున్నాడు. చిట్టి ఆయన దగ్గరికెళ్ళి, కెమెరా కాస్త పక్కకి జరిపి, ఆయన కళ్ళు తుడిచింది.

"ఇప్పుడు చూడు నాన్నా."